చలికొండ మీద చదువుల ఊరు: ఆర్మిడేల్ గురించి మీ ప్రశ్నలు, మా జవాబులు

ఆస్ట్రేలియా చదువు అనగానే ఇన్నాళ్లూ సిడ్నీ, మెల్‌బోర్న్. ఇప్పుడు కన్సల్టెన్సీలవాళ్లు ‘రీజినల్’ అనే మాట పట్టుకున్నారు, అంటే సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ కాని ప్రాంతాలు. దాంతో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం ఉత్తరాన, పీఠభూమి మీద ఉన్న ఆర్మిడేల్ అనే చిన్న ఊరి గురించి, అక్కడి న్యూ ఇంగ్లండ్ విశ్వవిద్యాలయం గురించి ఉత్తరాలు వరస కట్టాయి. ఒకే రకంవి కలిపేసి జవాబులు ఇస్తున్నాం. ‘మంచిదా, కాదా, ఒక్క ముక్కలో చెప్పండి’ అని రాసినవాళ్లకు: ఊరు మంచిదే, దాన్ని అమ్ముతున్న తీరే బాగాలేదు.

ప్ర: మా అబ్బాయికి సీటు వచ్చింది. కన్సల్టెన్సీ ఆయన ‘సిడ్నీ పక్కనే సార్, వీకెండ్‌కి వెళ్లి రావచ్చు’ అంటున్నాడు. నిజమేనా? అసలు ఎంత ఊరు? (ఒక తండ్రి, నంద్యాల)

జ: పక్కన కాదు. సిడ్నీ నుంచి రోడ్డు మీద దాదాపు 480 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి నెల్లూరు దాటి ఇంకొంచెం పోయినట్టు. అటు బ్రిస్బేన్‌కూ ఇంచుమించు అంతే. రెండు మహానగరాల నడుమ న్యూ ఇంగ్లండ్ హైవే మీద ఉన్న ఊరు ఇది. దక్షిణాన చెప్పుకోదగ్గ పెద్ద ఊరు టామ్‌వర్త్, అదీ 110 కిలోమీటర్లు. జనాభా 23 వేల పైచిలుకు, అంటే మన దగ్గర ఓ పెద్ద మండల కేంద్రం అంత. ఎత్తు సముద్రమట్టానికి సుమారు 980 మీటర్లు. మన లంబసింగి ఎత్తు కూడా దాదాపు ఇంతే, కాని పోలిక అక్కడితో ఆపేయండి. లంబసింగిలో మంచు పడిన రోజు పేపర్లో ఫొటో వేస్తారు. ఆర్మిడేల్ భూమధ్యరేఖకు 30 డిగ్రీలు దక్షిణాన ఉంది కనుక అక్కడ చలికాలంలో పచ్చిక తెల్లబడని ఉదయాలే లెక్కపెట్టుకోవాలి.

రైలు రోజుకు ఒకటి. సిడ్నీ సెంట్రల్‌లో పొద్దున బయల్దేరి సుమారు 8 గంటలు నడుస్తుంది. శనివారం ఎక్కితే దిగేసరికి సాయంత్రం, ఆదివారం మళ్లీ అదే తంతు. ఇక వీకెండ్ ఎక్కడిది? ఈ రైల్లో ఒక మెలిక ఉంది. అది రెండు రైళ్లను కలిపి నడిపే బండి. వెరిస్ క్రీక్ స్టేషన్లో విడిపోయి ఒక ముక్క ఆర్మిడేల్‌కు, ఇంకో ముక్క మోరీకి పోతాయి. టికెట్ మీద ఉన్న పెట్టెలోనే కూర్చోవాలి. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది కదా అని వేరే పెట్టెలోకి మారి నిద్రపోతే మెలకువ వచ్చేది మోరీ దారిలో. సీటు ముందే బుక్ చేసుకోవాలి, జనరల్ బోగీ లాంటిది లేదు. ఆర్మిడేల్ దాటాక ప్రయాణికుల రైలే లేదు, బస్సులే.

విమానం సిడ్నీ నుంచి గంట పైన. చిన్న విమానాలు కాబట్టి లగేజీ పరిమితి తక్కువ. హైదరాబాద్ నుంచి ఆర్మిడేల్ దాకా ఒకే టికెట్‌గా తీసుకుంటే అంతర్జాతీయ లగేజీ లెక్క చివరిదాకా సాగుతుంది. సిడ్నీ నుంచి విడిగా కొంటే రెండో సూట్‌కేసుకు కట్టే డబ్బుతో ఇంకో సూట్‌కేసు వస్తుంది. యూనివర్సిటీ ఊరి నడిబొడ్డుకు 5 కిలోమీటర్ల దూరంలో, వాయవ్యాన గుట్ట మీద ఉంది. బస్సు ఉంది కాని రాత్రి పొద్దుపోయాక దాని మీద ఆశ పెట్టుకోవద్దు. మొదటి ఏడాది క్యాంపస్ కాలేజీల్లో, అంటే వాళ్ల హాస్టళ్లలో, ఉండడం నయం.

ప్ర: గొర్రెలు మేపుకునే కొండమీద విశ్వవిద్యాలయం ఎందుకు పెట్టారు? ఏదో ప్రైవేటు దుకాణమా? (డిగ్రీ కళాశాల అధ్యాపకుడు, సిద్దిపేట)

జ: దుకాణం కాదు, ప్రభుత్వ విశ్వవిద్యాలయం. ఆస్ట్రేలియాలో రాజధాని నగరాలకు బయట ఏర్పడిన మొట్టమొదటి విశ్వవిద్యాలయం ఇదే. దాని పుట్టుక వెనక ఉన్న కథ సిద్దిపేటవాళ్లకు చాలా దగ్గరగా తోస్తుంది.

ఇది అనైవాన్ అనే ఆదివాసుల నేల. 1839లో జార్జ్ మెక్‌డొనాల్డ్ అనే ప్రభుత్వ భూముల కమిషనర్ ఇక్కడ మకాం వేసి, స్కాట్లండ్‌లోని స్కై దీవిలో ఉన్న ఆర్మడేల్ పేరు పెట్టాడు. తర్వాత మెరినో ఉన్ని, చుట్టుపక్కల బంగారు గనులు, 1883లో రైలు, 1885లో నగర హోదా. రెండు క్రైస్తవ శాఖల కెథీడ్రళ్లు, బోర్డింగ్ బడులు వచ్చాయి. పిల్లల్ని దూరం నుంచి తెచ్చి చదువుకు దింపే ఊరుగా అప్పుడే పేరు పడింది.

ఇరవయ్యో శతాబ్దంలో ఇక్కడివాళ్ల ఫిర్యాదు ఏమిటంటే, పన్నులు మావి, ఖర్చు సిడ్నీలో అని. న్యూ ఇంగ్లండ్ అనే ఈ ప్రాంతం ప్రత్యేక రాష్ట్రం కావాలన్న ఉద్యమం అలా లేచింది. దానిలో ముందున్న డేవిడ్ డ్రమ్మండ్ ఆర్మిడేల్ ఎమ్మెల్యే, పైగా రాష్ట్ర విద్యామంత్రి. 1928లో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల తెచ్చాడు. పదేళ్లకు, 1938లో, సిడ్నీ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా న్యూ ఇంగ్లండ్ యూనివర్సిటీ కాలేజీ మొదలైంది. 1954లో అది స్వతంత్ర విశ్వవిద్యాలయమైంది. రాష్ట్రం వస్తే దానికో విశ్వవిద్యాలయం ఉండాలి కదా, ముందే సిద్ధం చేసుకున్నారు. రాష్ట్రం మాత్రం రాలేదు. 1967 ఏప్రిల్‌లో జనవాక్య సేకరణ పెడితే దాదాపు 54 శాతం వద్దన్నారు. పారిశ్రామిక నగరం న్యూకాజిల్‌ను కొత్త రాష్ట్రపు హద్దుల్లో చేర్చడమే దెబ్బకొట్టింది. వాళ్లకు సిడ్నీతోనే పని, కొండమీది పశుపోషకులతో కాదు. మన దగ్గర 1969లో తెలంగాణ ఉద్యమం రగలడానికి రెండేళ్ల ముందటి మాట ఇది.

క్యాంపస్ నడుమ ‘బూలూమిన్‌బా’ అనే ఎర్ర ఇటుకల మేడ ఉంది. ఫ్రెడరిక్ వైట్ అనే గొర్రెల జమీందారు కోసం వాస్తుశిల్పి జాన్ హార్బరీ హంట్ గీసిన ఇల్లు, 1888లో పూర్తయింది. మెట్ల దగ్గర రంగుటద్దాల కిటికీలో సూడాన్‌లోని ఖార్టూంలో చనిపోయిన బ్రిటిష్ జనరల్ గోర్డన్ కథ ఉంటుంది. గొర్రెల కొండమీద ఆ బొమ్మ చూస్తే బ్రిటిష్ సామ్రాజ్యం ఎంత దూరం పాకిందో తెలుస్తుంది. ఆ ఇంటి అల్లుడు థామస్ ఫోర్‌స్టర్ దాన్ని విశ్వవిద్యాలయానికి దానం ఇచ్చాడు.

ఇంకొక్క సంగతి. 1955 నుంచే ఇక్కడ దూరవిద్య నడుస్తోంది. పొలం పనుల మధ్య, బడి ఉద్యోగాల మధ్య చదివేవాళ్ల కోసం మొదలుపెట్టారు. ఈనాటికీ విద్యార్థుల్లో అత్యధికులు ఇంటి నుంచి చదివేవాళ్లే. కాబట్టి ‘ఇన్ని వేల మంది విద్యార్థులు’ అన్న అంకె చూసి క్యాంపస్ కిటకిటలాడుతుందని అనుకోకండి. క్యాంపస్‌లో ఒక్కోచోట మనుషులకన్నా కంగారూలే ఎక్కువ.

ప్ర: ‘రీజినల్’ చదువుకు వీసా పాయింట్లు, అదనపు ఏళ్లు వస్తాయంటున్నారు. ఆన్‌లైన్‌లో కొంత చేసి సిడ్నీలో ఉద్యోగం చూసుకోవచ్చా? (ఒక విద్యార్థి, విజయవాడ)

జ: వస్తాయి. మీరడిగిన పద్ధతిలో చేస్తే పోతాయి కూడా.

శాశ్వత నివాసం లెక్కలో ప్రాంతీయ చదువుకు 5 పాయింట్లు. దానికి షరతు: ఆ ప్రాంతంలో కాపురం ఉండి, అక్కడి క్యాంపస్‌లో, కనీసం రెండు విద్యా సంవత్సరాల చదువు. దూరవిద్య లెక్కలోకి రాదు. అదే విశ్వవిద్యాలయం పేరుతో సిడ్నీ పరిధిలో నడిచే కేంద్రంలో చేరినా ఇది రాదు. ఎందుకంటే చూసేది డిగ్రీ మీద పేరు కాదు, మీరు చదివిన చోటు. సీటు ఇస్తూ పంపే ఆఫర్ లెటర్లో క్యాంపస్ ఏది రాశారో డబ్బు కట్టకముందే చూసుకోండి. ఇక స్టూడెంట్ వీసా మీదున్నవాళ్లు కోర్సులో మూడోవంతుకు మించి ఆన్‌లైన్లో చేయకూడదు.

చదువయ్యాక వచ్చే తాత్కాలిక గ్రాడ్యుయేట్ వీసా తర్వాత, ప్రాంతీయ చదువు చదివినవాళ్లకు రెండోసారి వీసా ఇస్తారు. పెర్త్, అడిలైడ్ లాంటి పెద్ద నగరాల వర్గానికి ఒక ఏడాది, ఆర్మిడేల్ ఉన్న వర్గానికి రెండేళ్లు. ఇక్కడే చాలామంది జారిపడతారు. ఆ రెండోది రావాలంటే మొదటి గ్రాడ్యుయేట్ వీసా మీద కనీసం రెండేళ్లు ప్రాంతీయ చోటులోనే నివసించి ఉండాలి. పట్టా చేతికి రాగానే సిడ్నీకి మూటాముల్లె సర్దేసినవాళ్లకు ఆ తలుపు మూసుకుపోతుంది. అద్దె ఒప్పందాలు, కరెంటు బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు మీ పేరుమీద మొదటి రోజు నుంచి ఒక ఫైల్లో పెట్టుకోండి. ఆరుగురు ఉండే ఇంట్లో బిల్లులన్నీ స్నేహితుడి పేర ఉంటే, మీరు అక్కడ ఉన్నారనడానికి రుజువు ఆ స్నేహితుడి మాట ఒక్కటే.

2025 జులై నుంచి స్టూడెంట్ వీసా రుసుము 2,000 ఆస్ట్రేలియా డాలర్లు. ఫీజు, ప్రయాణం కాక ఏడాది బతుకు ఖర్చుకు 29,710 డాలర్లు చూపించాలన్నది 2024 మే నుంచి ఉన్న లెక్క. ఈ అంకెలు తరచూ మారుస్తుంటారు. దరఖాస్తు పెట్టే వారంలో ఆస్ట్రేలియా హోం శాఖ సైట్‌లో మరోసారి చూసుకోండి. ఏజెంటు వాట్సాప్‌లో పంపిన చార్టుకు తేదీ ఉండదు.

ప్ర: మా అమ్మాయి జూన్‌లో వెళ్తోంది. ఇక్కడ 42 డిగ్రీలు. అక్కడ చలి అంటున్నారు. ఏం సర్దాలి? ఇల్లు ఎలా వెతుక్కోవాలి? (ఒక తల్లి, గుంటూరు)

జ: జూన్, జులై, ఆగస్టు అక్కడ నడిచలికాలం. జులైలో తెల్లవారుజాము సగటున సున్నా చుట్టుపక్కల, మధ్యాహ్నం 12, 13 డిగ్రీలు. ఎండ బాగానే కాస్తుంది, అందుకే మధ్యాహ్నం ఫొటోల్లో హాయిగా కనిపిస్తుంది. జూన్‌లో సాయంత్రం ఐదింటికే చీకటి. మంచువాన ఏడాదికి ఒకటి రెండుసార్లు పడితే పడుతుంది. తెల్లటి తుషారం మాత్రం దాదాపు రోజూ ఉంటుంది.

ఇక్కడి నుంచి లావు కోటు కొనిపంపకండి. బరువు తప్ప పని చేయదు. అసలు చలి ఆగేది పొరలతో. ఒంటికి అంటుకునే థర్మల్ జత రెండు, దాని మీద ఉన్ని, పైన గాలి చొరని జాకెట్. థర్మల్స్ ఇక్కడ కొనండి, మిగతాది అక్కడ. సేవాసంస్థలు నడిపే పాత బట్టల దుకాణాలను అక్కడ ఆప్ షాప్‌లంటారు. మెరినో స్వెటర్లు చౌకగా దొరికేది అక్కడే, ఉన్ని ఊరు కదా. మంకీ క్యాప్‌ను చూసి పిల్లలు నవ్వుతారు, అయినా పెట్టండి. మొదటి రాత్రి స్టేషన్లో దిగేసరికి నవ్వు ఆగిపోతుంది. ముఖ్యమైంది కాళ్లు: ఇంట్లో వేసుకునే మందపాటి సాక్స్ నాలుగు జతలు, ఇంటి చెప్పులు. నేల నుంచి వచ్చే చలి ఏ హీటర్‌కూ తెలియదు.

ఇక ఇల్లు. దక్షిణార్ధగోళంలో సూర్యుడు ఉత్తరం వైపు నుంచి కాస్తాడు. మన దగ్గర చలికాలంలో ఎండ దక్షిణపు కిటికీలో పడినట్టు, అక్కడ ఉత్తరపు కిటికీలో పడుతుంది. కాబట్టి ఎక్కువసేపు గడిపే గదికి ఉత్తరాన పెద్ద కిటికీ ఉన్న ఇల్లు వెతకండి. వాస్తు పట్టింపు ఉన్నవాళ్లకు ఈసారి శాస్త్రం, భౌతికశాస్త్రం రెండూ కలిసొచ్చాయి, ఉత్తరం కుబేర స్థానమే. దక్షిణం వైపు పడకగది అంటే ఫ్రిజ్‌లో పడుకోవడం. ఇల్లు చూడడానికి మధ్యాహ్నం రెండింటికి తీసుకెళ్తారు, అప్పుడు ఏ ఇల్లైనా బాగుంటుంది. వీలుంటే పొద్దున్నే వెళ్లండి. కిటికీ అద్దం లోపలివైపు నీళ్లు కారుతున్నాయా, అల్మారా వెనక గోడ మీద నల్ల బూజు ఉందా, పైకప్పులో ఇన్సులేషన్ వేశారా, ఈ మూడు చూసుకుంటే చాలు. వాగు ఒడ్డున పల్లంలో ఉన్న ఇళ్లకన్నా గుట్టల వాలు మీద ఇళ్లు రెండు డిగ్రీలు వెచ్చన. చల్లగాలి బరువు కనుక పల్లంలో నిలుస్తుంది. అడ్వాన్సును అక్కడ ‘బాండ్’ అంటారు, నాలుగు వారాల అద్దెకు మించి అడగడానికి చట్టం ఒప్పుకోదు.

హీటర్ లెక్క చూద్దాం. ఆయిల్ హీటర్ 2,400 వాట్లది రోజుకు 6 గంటలు నడిపితే 14 యూనిట్ల పైన. యూనిట్ 35 సెంట్లు అనుకుంటే రోజుకు 5 డాలర్లు, నెలకు 150. గోడకున్న ఏసీనే వేడివైపు తిప్పి వాడితే అదే వేడి మూడోవంతు కరెంటుతో వస్తుంది. బయట సున్నాకు దిగినప్పుడు అది మధ్యమధ్య కొన్ని నిమిషాలు ఆగి, బయటి యంత్రం మీది మంచు కరిగించుకుంటుంది. చెడిపోయిందని మెకానిక్‌ను పిలవకండి. పరుపు మీద వేసే ఎలక్ట్రిక్ బ్లాంకెట్ అన్నిటికన్నా చౌక. పడుకునే ముందు అరగంట వేసి, పడుకోగానే ఆపేయాలి. రోజూ మధ్యాహ్నం పది నిమిషాలు కిటికీలు తెరవాలి. ఆరుగురి ఊపిరి, కుక్కర్ ఆవిరి, ఇంట్లో ఆరేసిన బట్టలు అన్నీ కలిసి బూజుగా మారేది మూసిన కిటికీల వెనకే.

ఒక ప్రాణాపాయం సంగతి. బార్బెక్యూ బొగ్గులు గానీ, కుంపటి లాంటిది గానీ గది లోపలికి ఎప్పుడూ తేవద్దు. మూసిన గదిలో వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

ప్ర: అద్దె ఇంట్లో కట్టెల హీటర్ ఉందట. వెలిగిస్తే ఇల్లంతా పొగ, పక్కింటివాళ్లు కోప్పడ్డారని మా వాడి గోల. మన పొయ్యి లాంటిదే కదా? (ఒక తాతయ్య, మదనపల్లె)

జ: కాదండీ. మన పొయ్యికి నాలుగు వైపులా గాలి. అది ఇనప పెట్టె, దానికి గాలి ఇచ్చే మీట ఒక్కటే. ఆ మీట సంగతి తెలియకే పొగ.

ముందు కట్టె. కొట్టి ఏడాది ఆరినదై ఉండాలి, తేమ 20 శాతం లోపు. పరీక్ష సులువు: రెండు మొద్దులు ఒకదానికొకటి కొడితే ‘ఠంగ్’మనాలి. ‘దబ్’మంటే పచ్చిది. కోసిన చివర్లలో పగుళ్లు కనిపించాలి. చలి మొదలయ్యాక కొంటే దొరికేది చాలావరకు పచ్చిదే. వేసవి పోకముందే కొని, వాన తగలని చోట, గాలి ఆడేలా పేర్చుకోవాలి.

వెలిగించేటప్పుడు మీట పూర్తిగా తెరవాలి. కింద నలిపిన కాగితపు ఉండలు నాలుగైదు, మీద వేలి లావు పుల్లలు పదీ పన్నెండు గూడు కట్టినట్టు, దాని మీద రెండు సన్నని చీలికలు. అంటించి తలుపు ఒక అంగుళం తెరిచి ఉంచితే గొట్టం వేడెక్కి పొగను పైకి లాగుతుంది. చీలికలు బాగా అంటుకున్నాక పెద్ద మొద్దులు వేయాలి, వాటి మధ్య రెండు సెంటీమీటర్ల సందు ఉంచాలి. సందు లేకుండా కుక్కితే మంట ఊపిరాడక పొగ అవుతుంది. కొత్త కట్టె వేసిన ప్రతిసారీ పదిహేను ఇరవై నిమిషాలు మీట పూర్తిగా తెరవాల్సిందే.

మీ వాడు చేసే తప్పు రాత్రిపూట ఉంటుంది. తెల్లారేదాకా రావాలని మొద్దులు నింపి, మీట మూసేసి పడుకుంటాడు. అప్పుడది మండదు, రాజుకుంటూ రాత్రంతా పొగ వదులుతుంది. సగం కాలిన జిడ్డు గొట్టంలో తారులా పేరుకుంటుంది, ఏదో ఒక రోజు అదే అంటుకుంటుంది. అందుకే ఏడాదికోసారి గొట్టం శుభ్రం చేయించాలి, ఆ బాధ్యత ఎవరిదో ఇంటి యజమానితో ముందే రాయించుకోవాలి. వెలిగించిన ఇరవై నిమిషాలకు వీధిలోకి వెళ్లి చిమ్నీ చూడమనండి. ఇంకా పొగ కనిపిస్తే కట్టె పచ్చిది, లేదా మీట మూసుంది, మూడో కారణం అరుదు.

పక్కింటివాళ్ల కోపానికి కారణం ఊరి ఆకారం. ఆర్మిడేల్ గిన్నె లాంటి లోయ. గాలి లేని చలిరాత్రి నేలమీది గాలి చల్లబడి కిందే నిలుస్తుంది, పైన వెచ్చటి పొర మూతలా కూర్చుంటుంది. ఇళ్ల పొగ అంతా ఆ మూత కిందే ఉండిపోతుంది. చలికాలంలో కట్టెల పొగ ఈ ఊరి పాత సమస్య. ఉబ్బసం ఉన్నవాళ్లు వాలు మీద ఇల్లు చూసుకోవాలన్నది ఇందుకే కూడా.

బూడిద మూతున్న ఇనప బకెట్లోకి తీయాలి. పైకి చల్లగా కనిపించినా లోపల నిప్పు రోజుల తరబడి బతికే ఉంటుంది, ప్లాస్టిక్ చెత్తబుట్టలో పోస్తే బుట్ట కరిగిపోతుంది.

ప్ర: దోసెపిండి పులవడం లేదు, పెరుగు తోడుకోవడం లేదు, కందిపప్పు ఉడకడం లేదు. ఇవన్నీ ఎత్తు వల్లేనా? (విద్యార్థినుల గది నుంచి, ఆర్మిడేల్)

జ: పప్పు ఒక్కటే ఎత్తు వల్ల. 980 మీటర్ల దగ్గర నీళ్లు 97 డిగ్రీల లోపే మరుగుతాయి. బెంగళూరులో కూడా దాదాపు ఇంతే. గిన్నెలో పెట్టిన పప్పు ఇంకాస్త సేపు తీసుకుంటుంది, అంతే. కుక్కర్లో తేడా తెలియదు, ఎందుకంటే దాని బరువు లోపలి ఒత్తిడిని నిలుపుతుంది. కుక్కర్లోనూ ఉడకడం లేదంటే పప్పు పాతదై ఉంటుంది. రెండు గంటలు గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టండి, ఉప్పూ చింతపండూ ఉడికాకే వేయండి. అక్కడి అద్దె ఇళ్లలో పొయ్యి తరచూ నున్నటి గాజు పలక. కుక్కర్ అడుగు చదునుగా ఉండాలి. పొయ్యి ఇండక్షన్‌దైతే అల్యూమినియం కుక్కర్ అసలు వేడెక్కదు, ఇండక్షన్ అడుగున్న స్టీలుది తీసుకెళ్లాలి.

పిండి, పెరుగు మాత్రం చలి బాధితులు. వంటగది రాత్రి 10 డిగ్రీలకు పడిపోతే పులిపించే సూక్ష్మజీవులు ముసుగుతన్ని పడుకుంటాయి. చేయాల్సింది ఇది. మూడు కప్పుల బియ్యానికి కప్పు మినప్పప్పు, టీస్పూన్ నిండా మెంతులు. రుబ్బేటప్పుడు చన్నీళ్లు కాక గోరువెచ్చటి నీళ్లు పోయండి. చేత్తో పదిసార్లు కలపండి, ఉప్పు మాత్రం పులిశాకే. సగానికి మించకుండా గిన్నెలో పోసి మూతపెట్టండి. విహారానికి పట్టుకెళ్లే ఐస్ పెట్టెను అక్కడ ‘ఎస్కీ’ అంటారు. అది చల్లదనాన్నే కాదు, వేడినీ నిలుపుతుంది. గిన్నె పక్కన బాగా వేడి నీళ్లు పోసిన లీటరున్నర సీసాను తువ్వాలు చుట్టి పెట్టి మూసేయండి. ఆరేడు గంటలకు ఒకసారి నీళ్లు మార్చండి. 12 నుంచి 14 గంటల్లో పొంగుతుంది. పెరుగుకూ ఇదే ఉపాయం, తోడు మాత్రం రెండింతలు.

ఓవెన్‌లో లైటు వేసి పెడితే చాలని ఇంటర్నెట్‌లో చదివి ఉంటారు. పాత బల్బుకు వేడి ఉంటుంది కాబట్టి పని చేస్తుంది. కొత్త ఓవెన్లలో ఎల్‌ఈడీ, వెలుతురే తప్ప వేడి రాదు. 50 డిగ్రీలకు ఓవెన్ తిప్పితే అంచుల్లో పిండి ఉడికి గట్టిపడుతుంది, నడుమ పచ్చిగానే ఉంటుంది.

కరివేపాకు మొక్క తుషారానికి చచ్చిపోతుంది. కుండీలో పెట్టి ఉత్తరపు కిటికీ దగ్గర ఉంచండి. చలికాలంలో ఆకు రాల్చేస్తుంది, పోయిందని పారేయకండి, నీళ్లు తగ్గించండి, అక్టోబరులో చిగురిస్తుంది. గోంగూర అక్టోబరులో ఇంట్లో చిన్న కుండీల్లో మొలిపించి, నవంబరు చివర మంచు భయం పోయాక బయట నాటండి. మెంతికూర, కొత్తిమీరలకు ఆ వాతావరణం పుట్టిల్లు, గుంటూరులో కన్నా బాగా వస్తాయి. విత్తనాలు అక్కడే కొనాలి. ఇక్కడి నుంచి విత్తనాలు, పచ్చి ఆకులు చెప్పకుండా తీసుకెళ్లడం నేరం, జరిమానా బరువు. తిండి వస్తువు ఏదున్నా విమానంలో ఇచ్చే కార్డు మీద ‘ఉంది’ అని రాయాలి. ఉందని చెప్పినవాళ్లకు పోయేది వస్తువే.

ప్ర: పార్ట్‌టైం పని దొరుకుతుందా? మా వాడు కంప్యూటర్స్. (ఒక అన్నయ్య, కరీంనగర్)

జ: కోర్సు నడిచే రోజుల్లో రెండు వారాలకు 48 గంటల వరకు పని చేయవచ్చు. 2025 జులైలో నిర్ణయించిన కనీస వేతనం గంటకు 24.95 డాలర్లు, క్యాజువల్ పనికి దానిమీద 25 శాతం అదనం. అంతకన్నా తక్కువ ‘చేతికి’ ఇస్తామంటే అది మోసం. పని దొరికేది వృద్ధాశ్రమాల్లో, సూపర్‌మార్కెట్లలో, శుభ్రత పనుల్లో. 38 కిలోమీటర్ల ఉత్తరాన గైరాలో పెద్ద గాజుగృహాల్లో టమాటా సాగు జరుగుతుంది, అక్కడ కోత పనులుంటాయి, కాని తెల్లవారుజామున చేరాలంటే కారు కావాలి. ఊరు చిన్నది, పని పరిమితం, అడిగేవాళ్లు అందరూ ఒకే వారంలో దిగుతారు. మొదటి మూడు నెలలు జీతం రాదనుకుని డబ్బు దగ్గర పెట్టుకోవాలి.

కంప్యూటర్స్‌కు ఈ ఊరు సరైన చోటు కాదని మా అభిప్రాయం. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలో జాతీయ ఫైబర్ ఇంటర్నెట్ మొదట వచ్చిన ఊరు ఇదే, 2011లో. అయినా ఐటీ కంపెనీలు రాలేదు. వైరు వచ్చినంత మాత్రాన ఉద్యోగం రాదు. నర్సింగ్, ఉపాధ్యాయ విద్యవాళ్లకు ఊళ్లోనే గిరాకీ ఉంటుంది. వ్యవసాయం, పశుశాస్త్రం వాళ్లకైతే ఇది బంగారు గని. విశ్వవిద్యాలయమూ రాష్ట్ర ప్రభుత్వమూ కలిసి 1976 నుంచి నడిపే పశు జన్యుశాస్త్ర విభాగం ఇక్కడే ఉంది. ఏ ఆంబోతు దూడలు ఎంత బరువు తూగుతాయో ముందే లెక్కగట్టే బ్రీడ్‌ప్లాన్ పద్ధతి అక్కడ తయారైందే. బాపట్ల, రాజేంద్రనగర్, తిరుపతిల వ్యవసాయ, వెటర్నరీ పట్టభద్రులు సిడ్నీ వైపు చూసేముందు ఒకసారి ఈ కొండ వైపు చూడాలి.

ప్ర: అమ్మా నాన్న చూడ్డానికి వస్తే ఏ నెల బాగుంటుంది? (ఒక విద్యార్థి, ఆర్మిడేల్)

జ: ఏప్రిల్ రెండో సగం నుంచి మే మొదటి వారం. వలసవాళ్లు నాటిన ఎల్మ్, పాప్లర్ చెట్లు పసుపు, ఎరుపు తిరుగుతాయి, చలి ఇంకా ముదరదు. ఊళ్లో రీజినల్ ఆర్ట్ మ్యూజియం చూపించండి. హోవర్డ్ హింటన్ అనే ఆయన వెయ్యికి పైగా బొమ్మల్ని ఉపాధ్యాయ కళాశాలకు ఇచ్చేశాడు, భావి పంతుళ్లు మంచి చిత్రాల మధ్య మసలాలని. తూర్పున 40 కిలోమీటర్లలో వొలొమోంబి జలపాతం, 200 మీటర్ల పైన లోతైన లోయలోకి దూకుతుంది. వానలు పడిన వారంలోనే వెళ్లండి, వాన లేనప్పుడు రాయి మాత్రమే కనిపిస్తుంది. అదే దారి ‘వాటర్‌ఫాల్ వే’. డోరిగో అడవుల మీదుగా సముద్రానికి దిగుతుంది. కాఫ్స్ హార్బర్ దాటి కొంచెం పైకి పోతే వూల్‌గూల్గాలో సిక్కు రైతుల తెల్లటి గురుద్వారా, లంగర్ భోజనం. పప్పు, రోటీ చూసి అమ్మ కళ్లు చెమ్మగిల్లుతాయి.

తిరుగు ప్రయాణం పొద్దు వాలకముందే ముగించండి. కంగారూలు మేతకు రోడ్డెక్కేది అప్పుడే. ఎదురైతే బ్రేకు వేయండి, స్టీరింగ్ తిప్పకండి. జంతువును తప్పించబోయి చెట్టుకు గుద్దుకోవడం అంతకన్నా ప్రమాదం. పొద్దున అద్దం మీది మంచు మీద వేడినీళ్లు పోయకండి, పగులుతుంది. ఆ రాష్ట్రంలో ఆరు నెలలు దాటి ఉంటే మన లైసెన్సు చెల్లదు, వాళ్ల రాత పరీక్ష, డ్రైవింగ్ పరీక్ష పాసవ్వాలి.

ప్ర: అద్దె ఇంటి చిరునామాలో వీధి పేరు ఎలా పలకాలో తెలియక టాక్సీ డ్రైవర్‌కు ఫోన్ చూపిస్తున్నాను. చివర ఎస్, క్యూ ఉన్నాయి. (ఒక విద్యార్థిని, ఆర్మిడేల్)

జ: డుమరెస్క్ అని కదా అంటున్నారు? ఊళ్లో వాగు పేరూ అదే. ఎస్, క్యూ రెండూ మింగేసి ‘డుమెరిక్’ అనండి, డ్రైవర్ మారు మాట్లాడకుండా బండి తిప్పుతాడు.